ఆపరేషన్ వచ్చిన ఇంట పాడి నిలబడాలంటే

(మోస్రాలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు "కొవ్వు శాతం గురించో, రిజిస్టర్ల గురించో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అవి చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టింది. విని విని మీకూ పుట్టే ఉంటుంది. ఈ రోజు ఆ రిజిస్టరులో నుండే మరొక సంగతి తీసి మీ ముందు పెట్టదలచుకున్నాను.

నా ఉద్యోగమంతా ఇతరుల లెక్కలు చూడడమే. పాల సేకరణ రిజిస్టరులో సభ్యుని నంబరు ఎదురుగా పొద్దుటి పాలు, సాయంత్రపు పాలు వరుసగా వేసి ఉంటాయి. ముప్పై ఏండ్లుగా ఆ అంకెలు చూస్తున్నవానికి ఒక ఇంట్లో పెద్ద ఆపరేషన్ జరిగిందని ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు సాయంత్రపు పాలు ఆగిపోతాయి. ఇల్లాలు పెనిమిటి వెంట దవాఖానకు పోయి ఉంటుంది. పొద్దున పక్కింటివారెవరో పితికి పోస్తారు, సాయంత్రం దూడకు వదిలేస్తారు. వారం తిరిగేసరికి పొద్దుటి పాలు సగమవుతాయి. చెయ్యి మారితే బర్రె చేపదు, అది నేను మీకు చెప్పేదేమున్నది? తరువాతి పక్షం బిల్లులో ఆ నంబరే కనిపించదు. బర్రె అంగడికి పోయిందన్నమాట.

ఒక ఇంటి లెక్క చెబుతాను. ఊరు ఈ చుట్టుపక్కలదే, పేరు అక్కరలేదు. సభ్యునికి నిజాంసాగర్ కాలువ కింద ఎకరంన్నర వరి, కొట్టంలో రెండు బర్రెలు. వాటిలో ఒకటి ఈని నెల దాటలేదు. భార్యకు కడుపునొప్పి వస్తే ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాడు. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయి, తీసివేయాలి అన్నారు. డాక్టరుగారు ఆ పూటే చేయాలనలేదు. వారం తరువాతి తేదీ రాసి ఇచ్చారు. ఆ వారం రోజుల్లో అతను చేసిన పని ఒక్కటే, అంగడికి పోవడం. పాలిచ్చే బర్రెనే అమ్మాడు, ఎందుకంటే ఎండిన బర్రెను తొందరలో ఎవరు కొంటారు? 78 వేలు పలికే బర్రె 52 వేలకు పోయింది. కొనేవాడు మొహం చూసే ధర కడతాడు. చాలనిదానికి మూడు రూపాయల మిత్తికి 40 వేలు తెచ్చాడు.

దవాఖాన బిల్లు 62 వేలు. మిగిలిన 30 వేలు ఏమయ్యాయని అడిగాను. నేను ఇన్‌స్పెక్టరును కదా, అడగకుండా ఉండలేను. చేర్చుకోకముందు స్కానింగులు, రక్తపరీక్షలు, మూడుసార్లు నిజామాబాదుకు బండి కిరాయి, వెంట ఉన్న ఇద్దరి తిండి, తరువాత నెల రోజుల మందులు. పద్నాలుగు నెలల పాటు నెలకు 1,200 చొప్పున మిత్తి కట్టాడు, అది 16,800. మళ్ళీ అటువంటి బర్రెను కొన్నప్పుడు 78 వేలే పెట్టాడు, అమ్మిన ధరకు మించి 26 వేలు. మధ్యలో పోయిన పాలను, దాణా గడ్డి ఖర్చు తీసివేసి నెలకు 4,500 చొప్పున ఎనిమిది నెలలకే లెక్క కట్టినా 36 వేలు. అన్నీ కలపండి. 1,70,800 రూపాయలు. దవాఖానవారి రసీదు మీద ఉన్నది మాత్రం 62 వేలే.

నేను చివరగా అడిగిన మాట: "ఆహార భద్రత కార్డు ఉన్నదా?" ఉన్నది. పెట్టెలో భద్రంగా ఉన్నది. ఆ వారం రోజుల్లో దానిని బయటకు తీయలేదు. సర్కారు దవాఖానలో ఒక్క మాట అడగలేదు.

అతన్ని నేను తప్పుపట్టను. మా అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు నేనూ అంతే చేశాను. సహకార డిప్లొమా చేతిలో ఉన్నవాణ్ణి. ముందు అప్పు తెచ్చాను, తరువాత వివరాలు అడిగాను. ఇంట్లో మనిషి మూలుగుతుంటే లెక్క తోచదు. అందుకనే ఆ లెక్క ముందుగానే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే సంఘంలో కూర్చొని చూసుకోవాలంటున్నాను.

ఈ ప్రాంతంలో మరొక ఇబ్బంది ఉన్నది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు చెరకు డబ్బు ఆలస్యంగా వచ్చినా ఒక మొత్తంగా వచ్చేది. పెండ్లికైనా దవాఖానకైనా ఆ మొత్తాన్ని చూపించి అప్పు తెచ్చేవారు, ఆ మొత్తంతోనే తీర్చేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఎన్నో ఇండ్లలో ఏడాది పొడుగునా చేతికి వచ్చే నగదు పాలబిల్లే. అది పక్షానికి రెండు వేలు, మూడు వేలుగా వస్తుంది. ఉప్పుకు, పప్పుకు, పిల్లల ఫీజుకు సరిపోతుంది. ఆపరేషన్ మాత్రం ఒక్కనాడు, ఒక్క మొత్తంగా అడుగుతుంది. పాడి ఉన్న ఇంట్లో మొత్తంగా కనిపించే సొమ్ము ఒక్కటే, కొట్టంలో కట్టి ఉన్న బర్రె. దాన్ని అమ్మితే అప్పు తీర్చే దారి కూడా దానితోనే పోతుంది.

ఇది మన మోస్రా సంగతి మాత్రమే కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2015లో ప్రపంచమంతటి లెక్క తీసింది. 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగిన ఆపరేషన్ అందుబాటులో లేదని తేల్చింది. ఏటా 3.3 కోట్ల మంది ఆపరేషన్, మత్తుమందు ఖర్చుల వల్లనే ఆర్థికంగా చితికిపోతున్నారట. దారి ఖర్చులు, తిండి వంటి వైద్యేతర ఖర్చుల వల్ల చితికిపోయేవారు మరో 4.8 కోట్ల మంది. ఈ రెండో అంకె మొదటిదానికంటే పెద్దది, గమనించండి. నేను చెప్పిన ఇంట్లో 62 వేల పక్కన నిలిచిన 30 వేలు అటువంటివే.

మొదటి ఖర్చు సంగతి చూద్దాం. మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. పూర్వం పెద్ద ఆపరేషన్ అంటే ఎమ్మెల్యేగారి ఉత్తరం పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టేవారు. 2004 మే నుండి 2007 జూన్ వరకు ఉమ్మడి రాష్ట్రంలో 55 వేలకు పైగా కేసులకు సుమారు 168 కోట్లు ఆ నిధి నుండి ఇచ్చారు. సగటున కేసుకు 30 వేలు. హైదరాబాదుకు దారి తెలిసినవానికి దక్కింది, తెలియనివానికి దక్కలేదు. ఆ పరిస్థితిలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. అప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆ పరిమితిని పది లక్షలు చేశారు. 1,600కు పైగా చికిత్సలు అందులో ఉన్నాయి. చేర్చుకున్నప్పటి నుండి పరీక్షలు, ఆపరేషన్, రోగి భోజనం, ఇంటికి వచ్చేటప్పుడు పది రోజుల మందులు, దారి ఖర్చు అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి. నెట్‌వర్కు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి బల్ల వేసుకొని కూర్చుంటారు. డాక్టరుగారిని చూసే ముందే ఆ బల్ల దగ్గరకు పోవాలి. చాలామంది బిల్లు కట్టిన తరువాత పోతారు. అప్పుడు ఆయన చేయగలిగింది చాలా తక్కువ.

ఇందులో చిక్కులు లేవని నేను చెప్పను. కార్డులో కోడలి పేరు ఎక్కించి ఉండదు. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో మరొక పేరు ఉంటుంది. అన్ని ఆసుపత్రులలో అన్ని చికిత్సలకు అనుమతి ఉండదు. ప్రభుత్వం నుండి బకాయిలు రాలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు 2025లో సేవలు ఆపిన సందర్భాలూ ఉన్నాయి. కనుక కార్డు ఒక్కటే నమ్ముకొని కూర్చోవద్దు. కానీ కార్డు సంగతి అడగకముందే బర్రె పలుపు విప్పవద్దు. నిజామాబాదు జనరల్ ఆసుపత్రి నేడు వైద్య కళాశాల ఆసుపత్రి. అక్కడ సర్జన్లు ఉన్నారు. రద్దీ ఉన్నది, వరుసలో నిలబడాలి, ఒక మంచానికి ఇద్దరిని చూసి కొందరు వెనక్కు తిరిగి వస్తారు. ఆ ఇబ్బంది నిజమే. వారం ఆగగలిగే ఆపరేషన్‌కు ఆ ఇబ్బందిని లక్షా డెబ్బై వేలతో తూచి చూడండి.

ఆగలేనివి వేరే. పేగు మెలిపడడం, అపెండిక్సు పగలడం, ప్రమాదంలో నెత్తురు పోవడం, కాన్పులో బిడ్డ అడ్డం తిరగడం, వీటికి లెక్కలు చూసుకుంటూ కూర్చోవద్దు. 2005 ఆగస్టు 15 నుండి 108 వాహనం ఉన్నది, పిలవండి, దగ్గరి దవాఖానకు పొండి. నేను చెప్పే జాగ్రత్తలన్నీ డాక్టరు తేదీ రాసి ఇచ్చే ఆపరేషన్లకే.

కాన్పు మాట వచ్చింది కనుక చెబుతాను. మన ఇండ్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే ఆపరేషన్ ఏది? గుండెదీ కాదు, మూత్రపిండాలదీ కాదు, కాన్పుదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తం మీద అది నూటికి 21 మాత్రమే. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులలోనైతే నూటికి 81. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అనేది డాక్టర్లు తేల్చాలి, నేను కాదు. ముహూర్తం చూసి కోయించుకునేవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు, ఆ నింద మొత్తం డాక్టర్ల మీదనే వేయలేము. సర్కారు దవాఖానలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్‌తో సహా, 2011 నుండి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. దానికి బర్రెను అమ్మేవారున్నారంటే నాకు నమ్మబుద్ధి కాదు, కానీ రిజిస్టరులో చూశాను.

గర్భసంచి తీయించుకోవడం మరొకటి. 2015-16 సర్వేలో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో దేశమంతటా నూటికి ముగ్గురికి గర్భసంచి తీసివేసి ఉంటే, తెలంగాణలో నూటికి ఏడుగురు పైన. ఆంధ్రలో ఇంకా ఎక్కువ. ముప్పై అయిదేండ్లకే తీయించుకున్న అక్కలు ఈ సభలోనూ ఉండవచ్చు. కొందరికి అది తప్పనిసరి అయి ఉంటుంది. కాని అక్కరలేని ఆపరేషన్‌ను మించిన ఖరీదైన ఆపరేషన్ లేదు. తరువాత ఎన్నో వారాలు బరువు ఎత్తవద్దంటారు. గడ్డిమోపు ఎవరు తేవాలి, పాలక్యాను ఎవరు మోయాలి? ఒక డాక్టరు చెప్పగానే ఒప్పుకోకుండా సర్కారు దవాఖానలో రెండో డాక్టరు మాట కూడా వినండి.

కంటి శుక్లాల ఆపరేషన్‌కు ఎవరూ పైసా అప్పు చేయనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. బాసర దాటితే ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారి గ్రామీణ కేంద్రం ఉన్నది. డబ్బు లేనివారికి ఆ సంస్థ ఉచితంగానే చేస్తుంది.

ఇప్పుడు సంఘం మాట. సహకార సంఘానికి, ఆపరేషన్‌కు ఏమి సంబంధమని అడగవచ్చు. గుజరాత్‌లో ఖేడా జిల్లా పాల సంఘాలను నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ పదవీ విరమణ చేసినప్పుడు సభ్యులు ప్రోగుచేసి ఇచ్చిన సొమ్మును తన ఇంటికి తీసుకుపోలేదు. దానితో 1975లో సభ్యుల ఆరోగ్యం కోసమే ఒక ట్రస్టు పెట్టించాడు. గ్రామ పాల సంఘం ద్వారానే ఆరోగ్య కార్యకర్తను నియమించే పద్ధతి అక్కడ నడిచింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కర్ణాటక. జుక్కల్ దాటితే వచ్చే రాష్ట్రమే. అక్కడ సహకార శాఖ, గుండె డాక్టరు దేవీ శెట్టిగారు కలిసి ఆలోచించి యశస్విని అనే పథకం తెచ్చారు. అది 2003 జూన్‌లో అమలుకు వచ్చింది. సహకార సంఘ సభ్యుడు మనిషికి నెలకు 5 రూపాయలు, అనగా ఏడాదికి 60 కట్టాలి. ప్రభుత్వం మొదటి ఏడాది మరో 30 కలిపింది. ఇంచుమించు 1,600 రకాల ఆపరేషన్లకు ఆసుపత్రులతో ముందే ధర మాట్లాడి పెట్టారు. మొదటి ఏడాదే సుమారు 16 లక్షల మంది చేరారు. సొమ్ము వసూలుకు కొత్త కచేరీలు పెట్టలేదు, పాల సంఘాలు, పరపతి సంఘాలే వసూలు చేశాయి. మూడో ఏడాది చందాను 120కి పెంచేసరికి సభ్యులు తగ్గిపోయారు. అరవై రూపాయల తేడాకే! పల్లెలో చేతికందే నగదు ఎంత పలచనో దీన్ని బట్టి తెలుస్తుంది. 2018లో ఆ పథకాన్ని రాష్ట్ర ఆరోగ్య పథకంలో కలిపివేశారు. సహకార సభ్యులు ఊరుకోలేదు. 2022లో మళ్ళీ తెచ్చారు, పల్లెలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 500 చందాతో. ఒక చిన్న గ్రామ సంఘం ఇంత పని తనంతట తాను చేయలేదు. కాని ఫెడరేషన్ తలచుకుంటే మన దగ్గర ఆలోచించలేనిదేమీ కాదు. ఈ మాట ఫెడరేషన్ పత్రికలో అచ్చయితే పెద్దలు చదువుతారని ఆశ.

గ్రామ సంఘం చేయగలిగినది చిన్నది. అందులో తప్పుదారి ఏదో ముందు చెబుతాను. కొన్నేండ్ల క్రితం ఒక సంఘం కార్యదర్శి, మంచి మనసున్నవాడు, సభ్యుని కొడుకుకు ప్రమాదం జరిగితే సంఘం పెట్టెలో నుండి 20 వేలు తీసి ఇచ్చాడు. తీర్మానం లేదు, రసీదు లేదు. నేను తనిఖీకి పోయిననాడు నగదు నిల్వ తక్కువ తేలింది. నేను రాయవలసిందే రాశాను. ఆయన తన జేబులో నుండి కట్టాడు, తరువాత పదవి వదులుకున్నాడు. ఆ సభ్యుడు తిరిగి ఇచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు రాసిన అభ్యంతరాన్ని ఇప్పుడు రాయవలసి వచ్చినా అట్లాగే రాస్తాను. కాని దానిని తలచుకున్నప్పుడల్లా ఒక మాట తోస్తుంది. ఆయన చేసిన పనికి ముందుగానే ఒక దారి వేసి ఉంటే సంఘానికి మంచి కార్యదర్శి మిగిలేవాడు.

ఆ దారి ఇది. మీ సంఘానికి రోజుకు 300 లీటర్ల పాలు వస్తాయనుకుందాం. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి లీటరుకు 20 పైసలు ప్రత్యేక నిధికి కేటాయిస్తే రోజుకు 60, ఏడాదికి 21,900 రూపాయలు. దీనితో ఎవరికీ ఆపరేషన్ చేయించలేము, ఆ ప్రయత్నమే వద్దు. నేను చెప్పిన ఆ పక్క ఖర్చుకు, బండి కిరాయికి, పరీక్షలకు, వెంట ఉన్నవారి తిండికి పది వేల అడ్వాన్సు ఇవ్వవచ్చు. పక్షానికి వేయి చొప్పున పది బిల్లుల్లో అది తిరిగి వస్తుంది, మిత్తి లేకుండా. తిరిగి వచ్చిన సొమ్ము మరొకరికి పనికి వస్తుంది. సంఘం నిబంధనావళిలో ఇందుకు చోటు లేకపోతే సవరణ చేయించుకోవాలి. ఆ కాగితాల పనిలో నేను సాయం చేస్తాను, నా జీతం అందుకే.

షరతు ఒక్కటి పెట్టండి. అడ్వాన్సు తీరేవరకు పాడి బర్రెను అమ్మకూడదు. అమ్మకూడదంటే అది పాలివ్వాలి, పాలివ్వాలంటే ఎవరో ఒకరు పితకాలి. నాట్ల కాలంలో ఒకరి పొలానికి ఒకరు బదులు పనికి పోతాం కదా. ఇంటి ఇల్లాలు దవాఖానలో ఉన్న పదిహేను రోజులు ఆ కొట్టానికి ఇద్దరు వంతు వేసుకొని పోతే రెండు పూటల పాలూ సంఘానికి చేరుతాయి. వీలైతే ఇద్దరూ ఆడవారే అయితే మంచిది, బర్రెకు చీర వాసన అలవాటు. పితికే మనిషి ఆమె ఉండగానే నాలుగు రోజులు పక్కన కూర్చుంటే మరీ మంచిది. చేపడం లేదని ఇంజెక్షన్ పొడిచే పని మాత్రం పెట్టుకోవద్దు.

మరొక చిన్న పని. వచ్చే పక్షం బిల్లు తీసుకోవడానికి వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడు, సభ్యురాలు ఇంటి కార్డు, ఆధార్ కాగితాలు వెంట తెచ్చుకోండి. పేర్లు ఒకటిగా ఉన్నాయా, కోడలు, పసిబిడ్డల పేర్లు ఎక్కాయా అని కార్యదర్శి పోల్చి చూసి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. తేడా ఉన్న ఇండ్ల జాబితా చేసి మీ-సేవకు అందరూ ఒకేసారి పోయి రండి. నేను తనిఖీకి వచ్చినప్పుడు పాల రిజిస్టరుతో పాటు ఆ నోటుబుక్కు కూడా అడుగుతాను. అడగమని మా శాఖ ఉత్తర్వు లేదు, అయినా అడుగుతాను.

సాయంత్రం పాల వేళ దగ్గర పడుతున్నది, మిమ్మల్ని ఎక్కువసేపు ఆపలేను. నిధి తీర్మానం నమూనా ఒకటి రాసి తెచ్చాను, కార్యదర్శులు వచ్చి తలా ఒకటి తీసుకోండి. అడగదలచినవారు అడగండి.